అర్ధరాత్రి మేలుకునే పెట్టె

ఇంట్లో కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయిందంటే మొదట వచ్చే ప్రశ్న ఖర్చు గురించి కాదు, "మరి ఫొటోలు?" అని. పాప మొదటి పుట్టినరోజు, తాతయ్యతో చేసుకున్న చివరి పండగ అందులోనే ఉంటాయి. కాపీ తీసి పెట్టుకోవాలని తెలియనివాళ్లు లేరు. రేపు చూద్దాంలే అనుకుంటూ ఉండగానే డిస్క్ ఆగిపోతుంది. ఆ "రేపు"ను మనిషి చేతిలోంచి తీసేసుకున్న యంత్రం విండోస్ హోమ్ సర్వర్. తొమ్మిదేళ్లు కూడా బతకలేదు. అయినా దాని కథ చెప్పుకోదగ్గదే.

2007 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన సీఈఎస్ ప్రదర్శనలో బిల్ గేట్స్ దీన్ని ప్రకటించారు. తయారీలో ఉన్నప్పటి పేరు క్వాట్రో. లోపల ఉన్నది ఆఫీసుల్లో నడిచే విండోస్ సర్వర్ 2003. ఆ ఏడాది చివర్లో హెచ్‌పీ మీడియాస్మార్ట్ పెట్టెలు వచ్చాయి. నాలుగు డిస్కులకు చోటు, 512 ఎంబీ మెమరీ. మానిటర్ లేదు, కీబోర్డ్ లేదు. ఇంట్లో సర్వర్ ఎందుకని జనం అడుగుతారని తెలిసే కాబోలు, 'అమ్మా, మనింట్లో సర్వర్ ఎందుకుంది?' అని అర్థం వచ్చే పేరుతో మైక్రోసాఫ్ట్ పిల్లల పుస్తకం ఒకటి వేయించింది.

కొత్త పెట్టె కొనకుండా పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: అందులో ఉన్న డిస్కులన్నిటినీ అది తుడిచేస్తుంది. మొదటి డిస్కులో 20 జీబీ తనకు ఉంచుకుని, మిగతాది ఇంటివాళ్ల ఫైళ్లకు వదులుతుంది. పని పూర్తయ్యాక మానిటర్ పీకేసి, రూటర్‌కు ఒక కేబుల్ తగిలించి, ఓ మూల పెట్టేయొచ్చు. ఆపైన ఇంట్లో ఒక్కో కంప్యూటర్‌లో కనెక్టర్ సీడీ వేసి, సర్వర్ పాస్‌వర్డ్ కొడితే గడియారం పక్కన చిన్న గుర్తు వస్తుంది. ఆకుపచ్చగా ఉంటే అంతా క్షేమం, ఎరుపైతే వెళ్లి చూడాలి. ఇలా పది కంప్యూటర్లు చేరొచ్చు.

అసలు పని అర్ధరాత్రి దాటాక. పన్నెండు నుంచి ఉదయం ఆరు లోపు కంప్యూటర్లను ఒక్కొక్కటిగా నిద్రలేపి, కాపీ తీసుకుని, మళ్లీ పడుకోబెడుతుంది. దీని తెలివి ఇక్కడ ఉంది. డిస్కును 4 కేబీ ముక్కలుగా చూస్తుంది. ప్రతి ముక్కకూ ఒక వేలిముద్ర లాంటి సంఖ్య లెక్కగడుతుంది. ఆ వేలిముద్ర సర్వర్ దగ్గర ముందే ఉంటే ముక్కను పంపనే పంపదు, ఇదీ అదేనని రాసుకుంటుంది. ఇంట్లో ఐదు కంప్యూటర్లలో ఒకే విండోస్ ఉంటే ఆ ఉమ్మడి ముక్కలు సర్వర్‌లో ఒక్కసారే ఉంటాయి. అందుకే మొదటి రాత్రి గంటలు పట్టినా, తర్వాతి రాత్రుల్లో నిమిషాల్లో తేలిపోతుంది.

డిస్క్ పోయిన రోజు ఇంకా బాగుంటుంది. కొత్త డిస్క్ బిగించి, రిస్టోర్ సీడీతో కంప్యూటర్ ఆన్ చేసి, ఏ రోజుది కావాలో ఎంచుకుంటే ఆ రోజు డెస్క్‌టాప్ ఐకాన్‌లతో సహా తిరిగొస్తుంది. ఒక్కోసారి ఆ సీడీకి నెట్‌వర్క్ కార్డు తెలియక సర్వర్ కనబడదు. దానికీ ముందుచూపు ఉంది: ప్రతి బ్యాకప్‌లోనూ ఆ కంప్యూటర్ డ్రైవర్లు విడిగా ఒక ఫోల్డర్‌లో దాచి ఉంటాయి. వేరే కంప్యూటర్ నుంచి వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి గుచ్చితే చాలు. ఇది రాసినవాళ్లు ఇంటి మనిషి కంగారును ఎరిగినవాళ్లు.

మరో గొప్పతనం డ్రైవ్ ఎక్స్‌టెండర్. ఏ కంపెనీదైనా, ఎంత సైజుదైనా డిస్క్ తగిలిస్తే మిగతావాటితో కలిపి ఒకే గాదెలా చూపిస్తుంది. ఫలానా ఫోల్డర్ ముఖ్యమని చెబితే దాన్ని రెండు డిస్కుల్లో ఉంచుతుంది. పెద్ద దెబ్బ తగిలిందీ ఇక్కడే. ఒకటి కంటే ఎక్కువ డిస్కులున్న సర్వర్లలో, కొన్ని ప్రోగ్రాములతో ఫైళ్లను నేరుగా సర్వర్‌లోనే తెరిచి మారిస్తే పాడవుతున్నాయని 2007 డిసెంబర్‌లో తెలిసింది. కాపాడతానన్న యంత్రమే ఫైళ్లు చెడగొట్టింది. దీన్ని చిన్న లోపమని నేను అనలేను. సరిచేసిన పవర్ ప్యాక్ 1 వచ్చేసరికి 2008 జూలై అయింది.

2010 నవంబర్‌లో, తర్వాతి వెర్షన్‌లో డ్రైవ్ ఎక్స్‌టెండర్ ఉండదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. పెద్ద డిస్కులు చవకయ్యాయన్నది వాళ్ల వాదన. డిస్క్ ఎంత పెద్దదైనా పోయేది పోతుంది కదా! ఆ నెలలోనే హెచ్‌పీ తప్పుకుంది. 2011 వెర్షన్ వచ్చినా, 2012లో ఇక కొత్తది ఉండదన్నారు. 2016 ఏప్రిల్‌తో దానికీ సపోర్టు ఆగిపోయింది.

ఆ తొలి పెట్టె ఒకటి ఇప్పుడు మూలన పడి ఉంటే, ఆన్ కాకపోయినా పారేయకండి. డిస్క్ బయటికి తీసి మామూలు విండోస్ కంప్యూటర్‌కు తగిలించి, దాచిన ఫోల్డర్లు కనబడేలా పెట్టండి. డీఈ అనే ఫోల్డర్‌లో షేర్స్ అని ఉంటుంది. దానికి ఏ తాళమూ లేదు. డిస్క్ బాగుంటే, సర్వర్‌లో నేరుగా దాచుకున్న ఫొటోలు వాటి పేర్లతోనే అక్కడ ఉంటాయి.