పేలని తూటా అంచు ఏం చెబుతుంది

పాయింట్ 22 తూటా అడుగున చుట్టూ ఒక అంచు ఉంటుంది. మందం సుమారు 1.1 మిల్లీమీటర్లు. చూపుకు గట్టి ఇత్తడి రింగులా ఉన్నా లోపల బోలు. తయారీలో తడి పేలుడు ముద్దను అడుగున వేసి తూటాను గిర్రున తిప్పితే, ముద్ద ఆ బోలులోకి చేరి ఆరిపోతుంది. ఫైరింగ్ పిన్ వెనకనుంచి వచ్చి అంచును కొడుతుంది, ముందు బారెల్ ఉక్కు దాగలిలా కాచుకుని ఉంటుంది. సుత్తికీ దాగలికీ మధ్య ఇత్తడి నలిగితే మందు రాజుకుంటుంది. దీన్నే రిమ్‌ఫైర్ అంటారు. 1845లో పారిస్‌లో తుపాకుల తయారీదారు ఫ్లోబేర్ ఈ పద్ధతికి శ్రీకారం చుట్టాడు. 1857లో స్మిత్ అండ్ వెసన్ దీని కోసం రివాల్వర్ తెచ్చింది. 1887లో వచ్చిన లాంగ్ రైఫిల్ తూటా ఇప్పటికీ నడుస్తోంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం, జట్టుతో స్వర్ణం గెలిచింది ఈ తూటాతోనే. కాబట్టి హైదరాబాద్‌లోని జహనుమాలోనో శంషేర్‌గంజ్‌లోనో ఒక పాత ఇంటి బీరువాలో తాతగారి పాయింట్ 22 పిస్టల్ బయటపడితే, దాన్ని కాలం చెల్లిన వస్తువుగా తీసిపారేయడానికి లేదు. నిజాంకు సేనలు పోషించిన పైగా వంశపు నవాబుల జ్ఞాపకాలున్న ప్రాంతమది. అక్కడ ఇలాంటి వారసత్వం వింతేమీ కాదు. పేలడం లేదని తేలిన పిస్టల్ చచ్చిపోయిందనుకోవడం భౌతికశాస్త్రం ప్రకారమూ తప్పే, చట్టం ప్రకారమూ తప్పే. నా వాదన ఇదే. దీనికి సాక్ష్యం తూటా అంచు మీదే ఉంటుంది.

రిమ్‌ఫైర్‌లో తుపాకీ, తూటా కలిస్తేనే ఒక యంత్రం. పెద్ద తూటాల్లో మధ్యలో అమర్చే క్యాప్‌కు దాగలి తూటాలోనే ఉంటుంది. ఇక్కడ ఆ పని బారెల్ అంచు చేస్తుంది. అందుకే పేలని తూటాను తీసి పిన్ గుర్తును భూతద్దంలో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. గుర్తు లోతుగా, స్పష్టంగా ఉండీ పేలలేదంటే ఆ చోట మందు పలుచబడి ఉండవచ్చు. తిప్పుతూ పరిచిన ముద్ద అంచు చుట్టూ ఒకే మందంలో ఉంటుందన్న హామీ లేదు. గుర్తు పైపైన గీసినట్టుంటే తప్పు పిస్టల్‌ది. స్ప్రింగు అలసి ఉండాలి, పిన్ కొస అరిగి ఉండాలి, లేదా ఏళ్లనాటి నూనె చిక్కబడి జిగురులా మారి పిన్ కదలికను అడ్డుకుంటూ ఉండాలి. ఈ చివరిది చాలా తరచుగా ఎదురయ్యే కారణం. పిస్టల్‌ను ప్రేమగా చూసుకున్న ఇళ్లలోనే అది ఎక్కువ, ఎందుకంటే ఏటా నూనె పూసిందీ వాళ్లే. ఇంకొక జాడ, తూటా దూరే గదికి వెనక అంచు మీద పిన్ ఆకారంలో పడ్డ చిన్న గుంట. ఖాళీ పిస్టల్‌ను సరదాగా టిక్ టిక్ మనిపించిన ప్రతిసారీ పిన్ నేరుగా బారెల్ ఉక్కును గుద్దుతుంది. అక్కడ దాగలే సొట్టపడితే పిన్ ఎంత గట్టిగా కొట్టినా ఇత్తడి నలగదు. పైగా ఆ గుంట పక్కన లేచిన ఉక్కు పొట్టు తూటాను లోపలికి పూర్తిగా పోనివ్వదు.

‘తూటాలు పాతబడ్డాయి, కొత్తవి వేస్తే సరి’ అనేవాళ్లున్నారు. పాత తూటాలు నమ్మదగినవి కావన్నంతవరకు నిజమే. కానీ కొత్తవాటి శక్తి వేరు. 1915లో అమ్మకానికి వచ్చి, తర్వాత వుడ్స్‌మన్ అని పేరుపడ్డ కోల్ట్ పిస్టల్‌నే చూడండి. తొలినాళ్లలో అది మామూలు వేగం తూటాల కోసమే తయారైంది. 1930 ప్రాంతంలో హైస్పీడ్ తూటాలు వచ్చాక, 1932 నుంచి కోల్ట్ వెనకభాగపు ఉక్కును గట్టిపరిచి తయారుచేసింది. అంతకుముందటి పిస్టల్‌లో ఈనాటి వేగపు తూటా వేస్తే మొదటి రోజే ఏమీ కాకపోవచ్చు. కానీ దెబ్బ మీద దెబ్బ తగిలి లోహం పగులుతుంది. ఇంకో సంగతి ఉంది. ఆ రోజుల్లో మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, ఇంట్లో వాడే ఉప్పు జాతికి చెందిందే. అది గాలిలోని తేమను పీల్చుకుని బారెల్‌ను తుప్పు పట్టిస్తుంది. నూనెలో ఉప్పు కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే అలాంటి తూటాలు కాల్చాక సైనికులు బారెల్‌లో వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాసేవారు. కడగకుండా నూనె మాత్రమే పూసిన బారెల్ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం గుంటలు పడుతుంటాయి.

‘పనిచేయనిది ఆయుధం ఎలా అవుతుంది? లైసెన్స్ ఎందుకు?’ అన్నది మరింత బలమైన అభ్యంతరం. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు, పురావస్తు విలువ గల, చెడిపోయిన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది, నిజమే. అయితే రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలన్న షరతు కూడా అక్కడే ఉంది. జిగురు కట్టిన పిన్‌ను కడిగితే, స్ప్రింగు మారిస్తే మళ్లీ పేలే పిస్టల్‌కు ఈ మినహాయింపు వర్తించదు. పైన చెప్పిన రోగాల్లో ఎక్కువ భాగం కుదిరేవే. కాబట్టి పేలని పిస్టల్ కూడా ఆయుధమే. 21వ సెక్షన్ ప్రకారం ఉంచుకునే హక్కు లేని ఆయుధాన్ని ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. వారసత్వంగా లైసెన్స్ కోరడానికి దారి తెరిచే ఉంది. 2019 సవరణ తర్వాత వారసత్వానికైనా రెండు తుపాకులే పరిమితి. రోగనిర్ణయం, మరమ్మతు, పేల్చి చూడటం ఆ తర్వాతి మాట. అవి లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ బల్ల మీదే జరగాలి. దీనికి మరో కారణం కూడా ఉంది. ట్రిగ్గర్ నొక్కాక పేలని తూటా అరుదుగానైనా కొద్ది క్షణాల తర్వాత పేలవచ్చు. నిదానంగా రాజుకునే మందు గొట్టం ముందు చేయి పెట్టినవాణ్ని చూసి ఆగదు. అందుకే గొట్టాన్ని ఖాళీ దిశకు తిప్పి, కనీసం అర నిమిషం అలాగే పట్టుకుని ఆగడం తెలిసినవాళ్ల అలవాటు.

పిస్టల్ ఇంట్లో ఉన్న ఆ కొద్దిసేపట్లో కుటుంబం చేయగల మేలు ఒక్కటే, దాన్ని తోమకుండా ఉండటం. ఉప్పుకాగితంతో మెరుగుపెడితే తుప్పుతోపాటు తయారీదారు పేరు, నంబరు, బర్మింగ్‌హామ్‌లాంటి చోట పేల్చి పరీక్షించి కొట్టిన ప్రూఫ్ ముద్రలు కూడా అరిగిపోతాయి. అది ఎప్పటిదో, ఏ తూటాకు తయారైందో గన్‌స్మిత్‌కు చెప్పేవి ఆ ముద్రలే. లైసెన్స్ దరఖాస్తుకు ఆ నంబరు కూడా కావాలి. చేతి ముద్రలు, గట్టిపడిన పాత నూనె, పచ్చబడ్డ ఇత్తడి, అన్నింటినీ అలాగే వదిలి, మెత్తటి పొడి గుడ్డలో చుట్టి స్టేషన్‌లో అప్పగిస్తే చాలు. పెట్టెలో మిగిలిన తూటాలుంటే వాటినీ విడిగా అప్పగించి రసీదు తీసుకోవాలి.