బెల్లం పొయ్యి: మరమ్మతు చేయాలా, పడగొట్టి కట్టాలా?

మునగపాక, కశింకోట, చోడవరం వైపు గానుగలున్న ఊళ్లలో సీజను ముందు తేలని పంచాయితీ ఒకటుంటుంది. పొయ్యి పాతబడింది, నిరుడు పిప్పి చాలక సరుగుడు కట్టెలు కొన్నాం, ఈసారి మరమ్మతుతో సరిపెడదామా, మొత్తం పడగొట్టి కట్టిద్దామా? మేస్త్రీకి కబురుపెట్టే ముందు కాస్త లెక్క చూసుకుంటే మంచిది.

మూడు రోలర్ల గానుగలో 100 కిలోల చెరకు ఆడితే సుమారు 60 కిలోల రసం, 40 కిలోల పచ్చి పిప్పి వస్తాయి. రసం కాగి బెల్లమయ్యేసరికి మిగిలేది 11, 12 కిలోలు. అంటే 48 కిలోల నీరు ఆవిరైపోవాలి. మరిగే నీరు ఒక్క కిలో ఆవిరవడానికి 540 కిలోకేలరీలు పడుతుంది. రసం మరుగు పట్టేదాకా అయ్యే వేడి కూడా కలిపితే మొత్తం 30 వేలకు దగ్గర. ఇక ఆ పిప్పి ఎండితే 23 కిలోలు తూగుతుందనుకుందాం. కిలోకు 3,500 చొప్పున అందులో 80 వేల కిలోకేలరీలున్నట్టు. అందులో నూటికి 37 పాళ్లు పెనంలోకి చేరితే చాలు, బయటినుంచి ఒక్క పుల్ల కొననక్కర్లేదు.

చాలా పొయ్యిలు ఆ మాత్రం కూడా అందించవు. ఐఐటీ బొంబాయి పరిశోధకులు నాలుగు పెనాల పొయ్యి ఒకదాన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. పనికొచ్చిన వేడి 29 శాతమే. పోయినదాంట్లో పెద్ద వాటా పొగగొట్టానిది, గోడలది. తర్వాత వాళ్లు చేసింది పిప్పి వేసే తీరు మార్చడం. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసుకుంటూ దాన్నిబట్టి పొయ్యిలో వేయించారు. కిలో బెల్లానికి 2.39 కిలోలు పట్టే పిప్పి 1.73కి దిగింది. ముతకగానైనా మన లెక్కలో పెట్టి చూడండి: 11.5 కిలోల బెల్లానికి మొదట 27 కిలోల పైచిలుకు పిప్పి, తర్వాత 20 కిలోలు. మన దగ్గరున్నది 23. కట్టెలు కొనే గానుగ పిప్పి మిగుల్చుకునే గానుగ అయింది.

అందుకే నా మటుకు పొయ్యి కన్నా ముందు పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి చేతిని చూడమంటాను. ఒకేసారి రెండు చేతులా పిప్పి కుక్కితే గాలి ఆడక నల్లపొగ లేస్తుంది. ఆ నలుపంతా కాలకుండా పోతున్న ఇంధనమే. కొంచెం కొంచెం, వెంటవెంటనే వేయాలి. సరిగా ఎండని పిప్పి అయితే దానిలో ఉన్న తడి ఆరడానికే కొంత మంట ఖర్చవుతుంది. పెనం కింద కాలాల్సిన మంట గొట్టం దాకా పాకుతోందంటే లాగుడు ఎక్కువైనట్టు. గొట్టంలో జరిపే రేకు పెట్టుకుని కాస్త మూస్తే సరి.

ఆ తర్వాత పగుళ్లు. పొయ్యి మండుతుండగా వెలిగించిన అగరుబత్తి పెనం అంచు వెంట, గోడ అతుకుల వెంట, గొట్టం మొదట్లో తిప్పండి. పొగ గోడలోకి పీల్చుకుపోయినచోట చల్లగాలి దూరుతోంది. ఆ గాలి మంటకు ఉపయోగపడదు, పైగా గొట్టాన్ని చల్లబరిచి లాగుడు తగ్గిస్తుంది. అక్కడ మట్టి మెత్తండి. సిమెంటు పూయించడం మనవాళ్లకు అలవాటు గానీ, ఆ వేడికి సిమెంటు బలం పోయి పెచ్చులూడుతుంది. మంట తగిలే లోపలి వరసకు ఫైర్ బ్రిక్, దాని మట్టీ వాడితే ఎక్కువ కాలం ఆగుతుంది. కిందినుంచి గాలి అందడానికి ఇనుప కమ్ముల జాలీ, దాని కింద బూడిద గుంత లేకపోతే అవి పెట్టించుకోవాలి. ఇదంతా మరమ్మతే.

కొత్తది ఎప్పుడు? గోడ ఒరిగి పెనం సమంగా కూర్చోనప్పుడు, అడుగున ఊట నీరు చేరి పొయ్యి ఎప్పుడూ చెమ్మగా ఉన్నప్పుడు, మంట గదికీ పెనానికీ పొంతన లేనప్పుడు ఎన్ని అతుకులేసినా దండగే. కట్టేటప్పుడు గొట్టానికి పోయే దారిలో రెండో పెనానికి చోటు వదలండి. వృథాగా పోయే వేడితో అక్కడ పచ్చి రసం కాగుతుంది. మొత్తం పనిలో దాదాపు ఎనిమిదో వంతు అలా తీరిపోతుంది. అడుగున రెక్కలు అతికిన పెనాలూ ఉన్నాయి. 1913 నుంచి ఉన్న అనకాపల్లి పరిశోధన స్థానంలో అడిగితే మీ గానుగకు తగినదేదో చెబుతారు.

మంట సంగతి బెల్లం రంగులోనూ తేలుతుంది. మంట చాలక రసం గంటల తరబడి ఉడికితే చక్కెర విరిగి పాకం నల్లబడుతుంది, దిమ్మ మెత్తబడుతుంది. మార్కెట్లో ధర పడిపోతుందని అప్పుడు రంగు తేల్చే రసాయనం హైడ్రోస్ డబ్బా తీస్తారు.

అద్దె గానుగల్లో ఇంకో చిక్కు. పొయ్యి యజమానిది, పిప్పి రైతుది. వృథా అయ్యేది తనది కాదు కనుక యజమానికి తొందరుండదు. అలాంటిచోట రైతులే కలిసి రెండు మూడు పెనాలకు పట్టిన పిప్పి తూకం వేసి అతని ముందు పెట్టాలి. కట్టడానికి ఒప్పుకుంటే మాత్రం పని దసరా లోపే అయిపోవాలి. కొత్త మట్టి నీడన ఆరాలి, ఆపైన కొన్ని రోజులు చిన్న మంటతో కాగాలి. ఒక్కసారే పెద్ద మంట పెడితే మొదటి పెనానికే పగులుతుంది.