పసికందు చర్మంపై సిఫిలిస్ గుర్తులు

విద్యార్థులారా! సవాయి రోగం అని కూడా పిలిచే సిఫిలిస్‌ను మీరు పెద్దలకు వచ్చే సుఖవ్యాధిగా చదువుకొని ఉంటారు. అది నెలల పిల్లల్లో ఎలా కనిపిస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

ఈ వ్యాధికి కారణం ట్రెపొనిమా పాలిడమ్ అనే మెలికల బాక్టీరియా. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ దీనిని గుర్తించారు. పెద్దవారిలో ఇది ప్రవేశించిన చోట మొదట నొప్పిలేని పుండు పడుతుంది. శిశువులో ఆ పుండు ఉండదు. బాక్టీరియా తల్లి రక్తం నుంచి మాయ గుండా నేరుగా బిడ్డ రక్తంలో చేరుతుంది. అందువల్ల పెద్దల్లో రెండవ దశలో వచ్చే మచ్చల వంటివే బిడ్డ చర్మంపై ముందుగా కనిపిస్తాయి.

చాలామంది పిల్లలు పుట్టినప్పుడు ఆరోగ్యంగానే ఉంటారు. కొన్ని వారాల తర్వాత, సాధారణంగా మూడు నెలల లోపు, గుర్తులు బయటపడతాయి. ముఖ్యంగా చూడవలసినవి అరచేతులు, అరికాళ్లు. అక్కడ రాగిరంగు మచ్చలు వచ్చి, క్రమంగా గోధుమరంగుకు మారి, పొట్టు రాలుతుంది. కొందరికి పుట్టుకతోనే నీటి బొబ్బలుంటాయి. పెద్దల సిఫిలిస్‌లో బొబ్బలు చాలా అరుదు. నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ పగుళ్లు ఏర్పడతాయి. ముక్కు నుంచి చీమిడి, ఒక్కోసారి రక్తంతో కలిసి, కారుతూనే ఉంటుంది. బొబ్బల నీటిలోనూ చీమిడిలోనూ బాక్టీరియా ఉంటుంది కనుక చేతి తొడుగులు లేకుండా తాకరాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పసిపిల్లల్లో గజ్జి కూడా అరచేతులకు, అరికాళ్లకు వస్తుంది. అయితే గజ్జికి దురద ఎక్కువ; ఇంట్లో మరొకరు కూడా గోక్కుంటూ ఉంటారు. సిఫిలిస్ మచ్చలకు సాధారణంగా దురద ఉండదు. చీమిడిని జలుబనీ, మచ్చలను చెమటకాయలనీ అనుకొని ఊరుకుంటే అవి వాటంతటవే తగ్గిపోవచ్చు కూడా. కాని లోపల ఎముకల్లో, కాలేయంలో, మెదడులో వ్యాధి కొనసాగవచ్చు.

రక్తపరీక్షలోనూ మెలకువ అవసరం. తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. కనుక బిడ్డకు వి.డి.ఆర్.ఎల్. పరీక్ష పాజిటివ్ అయినంత మాత్రాన వ్యాధి సోకిందని చెప్పలేం. తల్లీబిడ్డల రక్తాన్ని ఒకే పరీక్షతో పోల్చి, బిడ్డ టైటర్ తల్లి టైటర్‌కు నాలుగు రెట్లు గానీ అంతకు మించి గానీ ఉందేమో చూస్తారు. చర్మంపై గుర్తులున్న బిడ్డకు 10 రోజుల పాటు పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

నిజానికి బిడ్డ చర్మం వరకూ రానివ్వవలసిన వ్యాధి కాదిది. గర్భం దాల్చిన తొలి నెలల్లోనే పరీక్ష చేస్తే, వ్యాధి ప్రారంభ దశలో ఉన్న తల్లికి 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదు సాధారణంగా సరిపోతుంది. అది కాన్పుకు కనీసం నాలుగు వారాల ముందే అందాలి. భర్తకు కూడా పరీక్ష, చికిత్స జరగాలి. లేకుంటే అదే గర్భంలో ఆమెకు వ్యాధి మళ్లీ సోకవచ్చు.