పాత టీవీకి కొత్త దుబాసీ

2009 జూన్ 12న అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. ఆ ఉదయం దాకా చక్కగా బొమ్మ చూపించిన టెలివిజన్ సెట్లు లక్షల సంఖ్యలో రాత్రికల్లా బొమ్మ చూపడం మానేశాయి. వాటిలో ఒక్క వైరు తెగలేదు, ఒక్క భాగం కాలిపోలేదు. తెర వెలుగుతూనే ఉంది. కాని దాని మీద బొమ్మకు బదులు చీమలు పాకుతున్నట్లు నల్లని, తెల్లని చుక్కలు! మాటలకు బదులు ఎడతెగని హోరు!

సెట్లు చెడిపోలేదు సరే, మరి ఏమైంది? వాటికి అందే ప్రసారం మారిపోయింది. అంతవరకు 'ఎనలాగ్' పద్ధతిలో ప్రసారం చేస్తున్న పెద్ద టెలివిజన్ కేంద్రాలన్నీ ఆనాటితో ఆ ప్రసారాలను ఆపివేశాయి. ఇకమీదట 'డిజిటల్' ప్రసారాలే. పాత సెట్లకు డిజిటల్ భాష రాదు.

భాష తెలియని ఇద్దరి మధ్య మాట నడవాలంటే రెండు భాషలూ వచ్చిన మూడో మనిషి కావాలి. వెనుకటి రోజుల్లో ఇలాంటి వ్యక్తిని మనవాళ్లు దుబాసీ అనేవారు. పాత టీవీకి, కొత్త ప్రసారానికి మధ్య దుబాసీగా నిలబడిన చిన్న పెట్టె పేరే 'కన్వర్టర్ బాక్సు'. అది చేసే పని ఏమిటో, ఎలా చేస్తుందో తెలుసుకుందాం.

పాత సెట్టుకు తెలిసిన భాష

పాత టీవీలోని పిక్చర్ ట్యూబు వెనుక భాగం నుండి సన్నని ఎలక్ట్రాన్ పుంజం వచ్చి తెరకు తగులుతుంది. తగిలిన చోట తెర లోపల పూసిన పదార్థం వెలుగుతుంది. మీరు నోటుపుస్తకంలో రాసినట్లే ఆ పుంజం ఎడమ నుండి కుడికి, పై నుండి కిందికి గీతలు గీస్తూ పోతుంది. అమెరికా పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 525 గీతలు. సెకనుకు 30 బొమ్మలు. అంటే సెకనుకు 15,750 గీతలన్నమాట! పుంజం బలంగా ఉన్న చోట తెర తెల్లగా, బలహీనంగా ఉన్న చోట నల్లగా కనిపిస్తుంది.

పాత సెట్టు పెట్టగానే సన్నని కూత ఒకటి వినిపించేది. అది ఈ గీతల కూతే. సెకనుకు పదిహేను వేలకు పైగా కంపించే ధ్వని గనుక పిల్లల చెవులకు అందుతుంది. వయసు మళ్లినవారికి చాలామందికి అందదు.

పుంజం ఎక్కడ బలంగా ఉండాలో, ఎక్కడ తగ్గాలో సెట్టుకు చెప్పేదే ప్రసార సంకేతం. ఎనలాగ్ పద్ధతిలో ఇది చాలా సూటి వ్యవహారం. దృశ్యంలో వెలుగు పెరిగినా తగ్గినా, దానిని అనుసరించి రేడియో తరంగం ఎత్తు కూడా మారుతూ ఉంటుంది. సెట్టు ఆ మార్పును యథాతథంగా పుంజానికి అందిస్తుంది. ఇందులో లెక్క కట్టడం, గుర్తు పెట్టుకోవడం ఏమీ లేదు.

అమెరికాలో ఈ ప్రమాణం 1941లో అమలులోకి వచ్చింది. 1953లో రంగుల ప్రసారాలకు అనుమతి లభించింది. అప్పుడు ఇంజనీర్లు ఒక మంచి పని చేశారు. నలుపు తెలుపు బొమ్మ సంకేతాన్ని అలాగే ఉంచి, రంగుల సమాచారాన్ని దానిలోనే ఒక మూలన ఇమిడ్చారు. రంగుల సెట్టు దాన్ని వెలికి తీసుకుంటుంది. పాత సెట్టు పట్టించుకోకుండా నలుపు తెలుపులో బొమ్మ చూపిస్తుంది. 1982లో మన దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు కూడా జరిగింది ఇదే. ఇళ్లలో ఉన్న నలుపు తెలుపు సెట్లను ఎవరూ పారవేయవలసిన అవసరం రాలేదు.

అంకెల భాష

డిజిటల్ ప్రసారంలో ఇటువంటి సర్దుబాటు వీలు కాలేదు. ఎందుకంటారా? ఇందులో బొమ్మ తరంగపు హెచ్చుతగ్గులుగా రాదు, అంకెలుగా వస్తుంది. అవి కూడా 0, 1 అనే రెండే అంకెలు. ఒక్కొక్క అంకెను 'బిట్' అంటారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 525 గీతల్లో బొమ్మకు ఉపయోగపడేవి సుమారు 480. ఒక్కొక్క గీతను 720 చుక్కలుగా విభజిస్తే, ఒక బొమ్మలో 720 × 480 = 3,45,600 చుక్కలు. సెకనుకు 30 బొమ్మలు కాబట్టి 1,03,68,000 చుక్కలు. ఒక్కొక్క చుక్క వెలుగు, రంగు చెప్పడానికి 16 బిట్లు అనుకుంటే సెకనుకు దాదాపు 16 కోట్ల 59 లక్షల బిట్లు పంపాలి.

కాని అమెరికా పద్ధతిలో ఒక టెలివిజన్ ఛానల్‌కు కేటాయించిన వెడల్పు 6 మెగాహెర్ట్జ్. అందులో సెకనుకు పట్టేవి సుమారు 1 కోటి 94 లక్షల బిట్లు మాత్రమే. పుట్టెడు ధాన్యాన్ని చిన్న సంచిలోకి ఎక్కించాలన్నమాట!

ఇక్కడే ఉంది కిటుకు. వార్తలు చదివే మనిషి వెనుక ఉన్న గోడ క్షణక్షణానికి మారదు కదా! అందుకని ప్రసార కేంద్రం ప్రతి బొమ్మనూ పూర్తిగా పంపదు. మొదట ఒక పూర్తి బొమ్మ పంపి, ఆ తరువాత మారిన భాగాలనే పంపుతుంది. కంటికి ఆనని సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. ఇలా కుదించడం వల్ల పూర్వం ఒకే కార్యక్రమం పట్టిన ఛానల్‌లో ఇప్పుడు నాలుగైదు కార్యక్రమాలు పంపవచ్చు. లేదా ఒక బొమ్మకు 20,73,600 చుక్కలుండే, అంటే ఇందాకటి కంటే ఆరు రెట్లు వివరమైన బొమ్మను పంపవచ్చు. ప్రభుత్వానికి మరో లాభం కూడా ఉంది. ఖాళీ అయిన ఛానళ్ల పౌనఃపున్యాలను అక్కడ సెల్ ఫోన్లకు, పోలీసు, అగ్నిమాపక దళాల వంటి అత్యవసర సేవలకు కేటాయించారు.

లాభాలు చాలానే ఉన్నాయి. కాని కుదించిన అంకెలను విప్పి బొమ్మగా మార్చడానికి లెక్కలు చేసే యంత్రం కావాలి. పాత సెట్టులో అది లేదు.

పెట్టె లోపల ఏం జరుగుతుంది?

కన్వర్టర్ బాక్సు అటక మీది పెద్ద డిక్షనరీ అంత ఉంటుంది, అంతే. దానిలో జరిగే పనులు వరుసగా చూడండి.

మొదటి పని: ఏంటెనా పట్టి తెచ్చిన అనేక తరంగాల్లో కావలసిన ఛానల్‌ను ఏరుకోవడం. ఏంటెనా పాతదైనా ఫరవాలేదు. తరంగం మోసేది బొమ్మో అంకెలో ఏంటెనాకు అనవసరం. ఆ ఛానల్ పౌనఃపున్యానికి తగినదైతే చాలు.

రెండవ పని: తరంగంలో నుండి 0, 1 లను బయటకు తీయడం. దారిలో కొన్ని అంకెలు పాడవుతాయి. అందుకని ప్రసార కేంద్రం కొన్ని అదనపు అంకెలను జోడించి పంపుతుంది. వాటి సాయంతో పెట్టె తప్పులను తానే దిద్దుకుంటుంది.

మూడవ పని: కుదించిన బొమ్మను విప్పడం. ముందటి బొమ్మను జ్ఞాపకంలో ఉంచుకుని, వచ్చిన మార్పులను దానికి కలిపి కొత్త బొమ్మను తయారుచేస్తుంది.

నాలుగవ పని: ఆ చుక్కల అంకెలను మళ్లీ హెచ్చుతగ్గుల విద్యుత్ సంకేతంగా, అంటే ఎనలాగ్‌గా మార్చడం.

ఐదవ పని అన్నింటికంటే తమాషా అయినది. ఆ సంకేతాన్ని పెట్టె ఒక టెలివిజన్ ఛానల్ లాగా తయారుచేసి వైరు గుండా సెట్టుకు పంపుతుంది. అంటే అది మీ టీవీ ఒక్కదాని కోసమే నడిచే బుల్లి ప్రసార కేంద్రం! అమెరికా పెట్టెల్లో ఇది 3వ లేదా 4వ ఛానల్‌లో వస్తుంది. ఆ పక్కపక్క ఛానళ్లు రెంటినీ ఒకే ఊరికి కేటాయించరు. కాబట్టి ఊళ్లో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

సెట్టుకు ఇవేమీ తెలియవు. 3వ ఛానల్‌లో ఎవరో ఎనలాగ్ ప్రసారం చేస్తున్నారనే అనుకుంటుంది. 1946లో తయారైన సెట్టయినా సరే, భాగాలు బాగుంటే 2009 తరువాతి కార్యక్రమాన్ని చూపగలదు. అయితే, ఎన్నో ఏళ్లు టకటకమంటూ తిరిగిన దాని ఛానల్ బిరడా ఇక 3 దగ్గరే ఆగిపోవాలి. ఛానల్ మార్చడం పెట్టె పని.

కలపడంలో చిక్కులు

చాలా పాత సెట్ల వెనుక గుండ్రని సాకెట్టు ఉండదు. రెండు మరలు మాత్రమే ఉంటాయి. వాటికి బద్దలాగా ఉండే జంట తీగను బిగించేవారు. ఆ తీగ అవరోధం 300 ఓమ్‌లు. పెట్టె నుండి వచ్చే గుండ్రని కేబుల్ అవరోధం 75 ఓమ్‌లు. నేరుగా కలిపితే సంకేతంలో కొంత భాగం సెట్టులోకి పోకుండా వెనక్కి తిరిగిపోతుంది. అందుకని రెండింటి మధ్య బొటనవేలంత చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడతారు.

బొమ్మ ఆకారం మరో చిక్కు. పాత తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3. కొత్త కార్యక్రమాలది 16:9. అందువల్ల పాత తెర మీద పైన, కింద నల్లని పట్టీలు కనిపిస్తాయి. అవి లోపం కాదు, మిగిలిన చోటు.

అసలు చిక్కు మరొకటి. ఎనలాగ్ ప్రసారం బలహీనపడితే బొమ్మలో చుక్కలు ఎక్కువవుతాయి, అయినా మనిషి పోల్చుకునేటట్లు ఉంటాడు. డిజిటల్ అలా కాదు. తప్పులు దిద్దుకోగలిగినంత వరకు బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ హద్దు దాటితే ముక్కలు ముక్కలై మాయమవుతుంది. దూరపు పల్లెల్లో చుక్కల బొమ్మతోనే సరిపెట్టుకున్న కొందరికి పెట్టె కొన్నా బొమ్మ రాకపోవడానికి కారణం ఇదే.

ఒక హెచ్చరిక. పాత సెట్టు వెనుక మూత మీరు ఎన్నడూ తీయకండి. పిక్చర్ ట్యూబుకు వేల వోల్టుల విద్యుత్తు అవసరం. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఏళ్ల తరబడి మూల పడి ఉన్న సెట్టును తెలిసిన మెకానిక్ చూసిన తరువాతే పెట్టాలి.

ఖర్చు ఎవరిది?

కేబుల్ కనెక్షన్ ఉన్నవారికి ఆ జూన్ నెలలో ఇబ్బంది లేదు. ఏంటెనా మీదే ఆధారపడినవారికే వచ్చింది తంటా. వారిలో వృద్ధులు, బీదవారు చాలామంది. అందుకని అమెరికా ప్రభుత్వం 2008 జనవరి నుండి ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. వాటిని చూపితే పెట్టె ధరలో అంత తగ్గుతుంది. 2009 జనవరి నాటికి కూపన్ల సొమ్ము నిండుకుంది. జనం వరుసలో వేచి ఉండవలసి వచ్చింది. మొదట ఫిబ్రవరి 17న జరగవలసిన మార్పును జూన్ 12కు వాయిదా వేయడానికి ఇదొక కారణం. బ్యాటరీతో నడిచే చేతి టీవీలు మాత్రం చాలావరకు మూలపడ్డాయి. తుఫానులో కరెంటు పోయినప్పుడు వార్తలు తెలిపినవి అవే!

మన గడ్డ మీద ముందే వచ్చిన పెట్టె

టీవీ ముందు దుబాసీని కూర్చోబెట్టే ఉపాయం 2009లో పుట్టింది కాదు. అంతకు ముప్పై నాలుగేళ్ల క్రితమే మన పల్లెల్లో అది పనిచేసింది.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం జరిగింది. దాన్నే 'సైట్' అంటారు. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఉపగ్రహం నుండి వచ్చే సంకేతం మామూలు టీవీకి అర్థం కాని మరో పద్ధతిలో ఉండేది. కోళ్ల గూటికి వాడే వల వంటి తీగతో చేసిన మూడు మీటర్ల ఏంటెనా దాన్ని పట్టేది. ఒక కన్వర్టరు దాన్ని టీవీకి తెలిసిన సంకేతంగా మార్చేది. సెట్లు తయారుచేసింది హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ. అప్పటి పెట్టె మార్చింది ఒక ఎనలాగ్ పద్ధతిని మరో ఎనలాగ్ పద్ధతిలోకి. సూత్రం మాత్రం ఒకటే.

2013లో హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో కేబుల్ ప్రసారాలు డిజిటల్‌కు మారినప్పుడు ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సు వచ్చింది. అది కూడా ఈ కుటుంబంలోనిదే. దానివల్లనే ఎన్నో పిక్చర్ ట్యూబు టీవీలు మరికొన్నేళ్లు నడిచాయి. అది చిన్న మేలు కాదు. పిక్చర్ ట్యూబు గాజులో సీసం కలిసి ఉంటుంది. పగలగొట్టి చెత్తకుప్పలో వేస్తే మట్టికి, నీటికి హాని. నడుస్తున్న సెట్టు ఎంత కాలం నడిస్తే ఆ బెడద అంత కాలం వాయిదా పడుతుంది.

కనుక ఏదైనా పాత వస్తువు పనిచేయడం లేదని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. అది నిజంగా చెడిందా, లేక దానికి తెలిసిన భాషలో మాట్లాడేవారు లేకపోయారా అని అడగండి.

చివరగా మీకొక లెక్క. మన దేశపు పాత పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. డిజిటల్‌లో దానికి గీతకు 720 చుక్కలు, బొమ్మకు 576 గీతలు లెక్క పెడతారు. సెకనుకు ఎన్ని చుక్కలో కట్టి చూడండి. పైన అమెరికాకు వచ్చిన జవాబు పక్కన పెట్టి పోల్చండి. అలా ఎందుకు వచ్చిందో మీ లెక్కల మాస్టారుతో కలిసి ఆలోచించండి.