నీటి మీద గీత: సముద్రములో సరిహద్దులు, చేపల వేట

వరంగల్లు జిల్లాలో కాకతీయ గణపతిదేవుని కాలమున నిర్మింపబడిన పాఖాల చెరువు కలదు. అందులో వల వేయువానికి తన ఎల్ల ఏదియో ఎవరును చెప్పనక్కరలేదు. ఒక వైపున కట్ట, తక్కిన వైపుల గుట్టలు, అడవి. ఏ మూల నిలిచి చూచినను ఒడ్డు కంటికి ఆనుచునే యుండును. ఈ జిల్లా నుండి సముద్రము రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్నది. ఆ సముద్రమున కట్ట లేదు, గుట్ట లేదు, పాతిన రాయి లేదు. అయినను అక్కడ కూడ ఎల్ల కలదు. అది దాటినవాడు చెరసాల పాలగును.

2018 నవంబరు మాసాంతమున గుజరాత్ తీరమునకు ఆవల మరపడవలపై చేపలు పట్టుచున్న ఆంధ్రప్రదేశ్ మత్స్యకారులను, తమ జలములలో ప్రవేశించిరని చెప్పి, పాకిస్తాన్ వారు పట్టుకొని కరాచికి తీసికొనిపోయిరి. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లా వారు. అందు 20 మందిని 2020 జనవరి 6వ తేదీన వాఘా సరిహద్దు వద్ద మన అధికారులకు అప్పగించిరి. అనగా సముద్రము మీద పోయినవారు పదమూడు నెలలు దాటిన పిమ్మట పంజాబు మీదుగా, నేల దారిని ఇల్లు చేరిరి. 2025లో విడుదలైన ‘తండేల్’ చలనచిత్రమునకు ఈ సంఘటనయే ఆధారము. పశ్చిమ తీరమున పడవ నాయకుని తండేలు అందురు.

వీరు కావలెనని సరిహద్దు దాటిరా, తెలియక దాటిరా అను ప్రశ్న ఒకటి. అసలు సముద్రములో సరిహద్దు ఎక్కడ నున్నది, దానిని ఎట్లు గుర్తింతురు అను ప్రశ్న మరియొకటి. ఈ రెండవది తేలనిదే మొదటిదానికి సమాధానము దొరకదు.

అంత దూరము ఎందులకు?

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కి.మీ. పొడవైన సముద్రతీరము కలదు. ఇంత తీరము నుండియు అక్కడి మత్స్యకారులు వందలకొలది మైళ్ళ దూరమున నున్న వేరావలుకు ఏల పోవలెను? ఇందుకు రెండు కారణములు. మొదటిది, పెద్ద మరపడవలు నిలుపుకొనుటకు తగిన రేవులు చిరకాలము ఆ జిల్లాలో లేకపోవుట. రెండవది ప్రకృతికి సంబంధించినది.

తీరము నుండి సముద్రపు అడుగుభాగము మొదట మెల్లగా వాలి, సుమారు 200 మీటర్ల లోతు తరువాత ఒక్కసారిగా దిగిపోవును. ఈ మెల్లని వాలును ఖండతీరపు అంచు అందురు. చేపలు విస్తారముగా దొరకునది దీనిపైననే. ఆంధ్ర తీరమున ఈ అంచు సన్నము. గుజరాత్ తీరమున మిక్కిలి వెడల్పు. అంతేకాక, శీతకాలమున ఉత్తర అరేబియా సముద్రముపై చల్లని పొడిగాలులు వీచును. పైనీరు చల్లబడి బరువెక్కి క్రిందికి దిగును. క్రింది నీరు పోషక లవణములతో పైకి వచ్చును. ఆ లవణములను గ్రహించి కంటికి కనబడని మొక్కలు అసంఖ్యాకముగా పెరుగును. వానిని తినుటకు చిన్న జీవులు, చిన్నవానిని తినుటకు పెద్ద చేపలు వచ్చును. చేపల వెంట మనుష్యులు పోవుదురు. అందుచేతనే వర్షకాలపు నిషేధము ముగియగానే శ్రీకాకుళపు జాలరులు వేరావలు చేరి, వేసవి వరకు అక్కడ కూలికి వేట చేయుచుందురు.

నావిక మైలు

సముద్రముపై దూరములను కిలోమీటర్లలో గాక నావిక మైళ్ళలో చెప్పుట వాడుక. ఒక నావిక మైలు 1,852 మీటర్లు. ఈ వింత సంఖ్య ఎట్లు వచ్చినది? అక్షాంశములో ఒక డిగ్రీని 60 నిమిషములుగా విభజింతురు. ఉత్తర దక్షిణములుగా ఒక నిమిషపు దూరమే ఒక నావిక మైలు. భూమి చుట్టును 360 డిగ్రీలు, వానిని 60 చేత గుణించిన 21,600 నిమిషములు, దానిని 1.852 చేత గుణించిన సుమారు 40,000 కి.మీ. వచ్చును. ఇది భూమి చుట్టుకొలతయే.

వరంగల్లు సుమారు 17 డిగ్రీల 58 నిమిషముల ఉత్తర అక్షాంశముపైనను, శ్రీకాకుళము సుమారు 18 డిగ్రీల 18 నిమిషములపైనను కలవు. భేదము 20 నిమిషములు. కావున శ్రీకాకుళము వరంగల్లు కంటె 20 నావిక మైళ్ళు, అనగా 37 కి.మీ. మాత్రమే ఉత్తరముగా నున్నదని పటము కొలువకయే చెప్పవచ్చును.

మూడు మైళ్ళ నుండి రెండువందల మైళ్ళకు

పూర్వము ఒక దేశపు అధికారము తీరము నుండి మూడు మైళ్ళ వరకే సాగునని పెక్కు దేశములు అంగీకరించెడివి. ఒడ్డున నిలిచి పేల్చిన ఫిరంగి గుండు ఎంత దూరము పోవునో అంత దూరమే పాలన సాగునను భావమునకు దీనికి సంబంధము కలదు. ఫిరంగులు మారినవి, పడవలు మారినవి, హద్దులును మారినవి. మన దేశము 1956లో ఆరు మైళ్ళును, 1967లో పండ్రెండు మైళ్ళును తన ప్రాదేశిక సముద్రముగా ప్రకటించినది. 1976 నాటి చట్టము ఇట్లు నిర్ణయించినది: 12 నావిక మైళ్ళ వరకు ప్రాదేశిక సముద్రము, 24 మైళ్ళ వరకు దానిని ఆనుకొనిన మండలము, 200 మైళ్ళ వరకు ప్రత్యేక ఆర్థిక మండలము.

ఈ మూడింటిలో హక్కులు ఒకే విధముగా ఉండవు. ప్రాదేశిక సముద్రము నేలవలెనే దేశములో భాగము. పరదేశపు ఓడ శాంతముగా దాటిపోవచ్చును గాని అందు వల వేయరాదు. ఆర్థిక మండలములో ఏ దేశపు ఓడయైనను స్వేచ్ఛగా తిరుగవచ్చును. కాని అందలి చేపలు, ఖనిజములు మాత్రము తీరదేశమునకే చెందును. 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టపు ఒడంబడికలోను ఈ ఏర్పాటే కలదు. ఆ ఒడంబడికను భారతదేశము 1995లోను, పాకిస్తాన్ 1997లోను ధ్రువపరచినవి.

గీత గీయుట ఎట్లు?

ఒకే తీరమున ప్రక్కప్రక్కన రెండు దేశములున్నచో, వాని నడుమ సముద్రమును పంచవలెను. ఇందుకు ఉన్నత పాఠశాలలో నేర్చిన రేఖాగణితమే చాలును. రెండు బిందువుల నుండి సమదూరములో నుండు బిందువులన్నియు, ఆ రెండింటిని కలుపు రేఖకు లంబ సమద్విఖండన రేఖపై ఉండును. తీరము వంకరటింకరగా ఉండును గనుక, పెక్కు బిందువులను తీసికొని ఇట్టి రేఖా ఖండములను ఒకదాని తరువాత ఒకటి కూర్పవలెను. అదియే సమదూర రేఖ.

అయినను గణితము ఒక్కటే చాలదు. బంగ్లాదేశ్ తీరము లోపలికి వంగి యున్నది. అట్టి చోట సమదూర రేఖలు రెండు ప్రక్కల నుండియు లోపలికి వంగి, నడుమ నున్న దేశమునకు ఇరుకైన భాగమునే మిగుల్చును. 2014 జూలై 7న తీర్పు చెప్పిన మధ్యవర్తి న్యాయస్థానము ఈ సంగతి గమనించి రేఖను సవరించినది. వివాదములో నున్న సుమారు 25,600 చదరపు కి.మీ. సముద్రములో సుమారు 19,500 బంగ్లాదేశ్‌కు వచ్చినది. రెండు దేశములును తీర్పును అంగీకరించినవి. కనుక బంగాళాఖాతములో నేడు గీత కలదు.

అరేబియా సముద్రములో అట్లు జరుగలేదు. గుజరాత్‌లోని కచ్ ప్రాంతమునకును, సింధుకును నడుమ సర్ క్రీక్ అను సుమారు 96 కి.మీ. పొడవైన బురద కయ్య కలదు. 1914లో కచ్ సంస్థానమునకును, సింధును అప్పుడు పాలించుచున్న బొంబాయి ప్రభుత్వమునకును కుదిరిన ఒప్పందము ప్రకారము ఎల్ల కయ్య తూర్పు గట్టున ఉన్నదని పాకిస్తాన్ వాదము. నీరు పారు నడిమి పాయయే ఎల్ల యని భారతదేశపు వాదము. కచ్ రణ్ సరిహద్దుపై 1968లో ఒక ట్రిబ్యునల్ తీర్పు వచ్చినది గాని ఈ కయ్య అందులో చేరలేదు. పైగా ఆటుపోటుల వలన కయ్య తన దారిని మార్చుకొనుచుండును.

కయ్య వెడల్పు ఏపాటిది, దానికై ఇంత వాదమేల అని తోచవచ్చును. సముద్రపు గీత ఆ కయ్య ముఖము నుండియే బయలుదేరవలెను. ఆరంభ బిందువు జరిగినచో గీత జరుగును. దాని దిశయు మారవచ్చును. దిశలో అయిదు డిగ్రీల భేదము వచ్చెననుకొందము. నూరు నావిక మైళ్ళ దూరము పోవుసరికి రెండు గీతల నడుమ ఎడము ఎనిమిది మైళ్ళు దాటును. ఆ ఎడములో వల వేసినవాడు ఏ దేశమున నున్నాడు? ఒక పటము ప్రకారము స్వదేశములో, మరియొక పటము ప్రకారము పరదేశములో.

దారి తప్పుట ఎట్లు?

సముద్రముపై పడవలో నిలిచిన మనుష్యుని కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తున నున్నచో, భూమి గుండ్రముగా నుండుటచేత, అతనికి దిగంతము సుమారు అయిదు కి.మీ. దూరముననే కనబడును. వేరావలు నుండి సర్ క్రీక్ ముఖము సరళరేఖలో కొలిచినను సుమారు 200 నావిక మైళ్ళు. గంటకు ఏడు మైళ్ళ చొప్పున పోయినను ఒక పగలు, ఒక రాత్రి దాటును. ఇంత ప్రయాణములో దిక్సూచి ఒక్క డిగ్రీ తప్పు చూపినచో చివరకు మూడున్నర మైళ్ళ తేడా వచ్చును. మూడు డిగ్రీలు తప్పినచో పది మైళ్ళు దాటును. వల లాగుచున్న పడవ గంటకు మూడు మైళ్ళ చొప్పున పోయినను మూడు గంటలలో తొమ్మిది మైళ్ళు కదలును. ఇంజను చెడి, ప్రవాహము గంటకు ఒక మైలు చొప్పున నెట్టినచో, నిద్రించి లేచునప్పటికి పడవ ఎనిమిది మైళ్ళు జరిగియుండును. ఏ ఒక్కరును కావలెనని చుక్కాని త్రిప్పనక్కరలేదు.

పూర్వపు నావికులు ధ్రువనక్షత్రపు ఎత్తును బట్టి అక్షాంశమును తెలిసికొనెడివారు. వరంగల్లులో ఆ నక్షత్రము దిగంతము నుండి సుమారు 18 డిగ్రీల ఎత్తున కనబడును. అదియే వరంగల్లు అక్షాంశము. రేఖాంశమునకు మంచి గడియారము కావలెను. భూమి నాలుగు నిమిషములలో ఒక డిగ్రీ తిరుగును గనుక, గడియారము ఒక్క నిమిషము తప్పినచో కచ్ తీరము వద్ద సుమారు 25 కి.మీ. తేడా వచ్చును.

నేడు ఈ పని కృత్రిమ ఉపగ్రహములు చేయుచున్నవి. ప్రతి ఉపగ్రహము తన స్థానమును, కాలమును రేడియో తరంగముల ద్వారా తెలుపుచుండును. తరంగము వచ్చుటకు పట్టిన కాలమును వెలుతురు వేగముచే గుణించినచో దూరము తెలియును. సెకనులో పదిలక్షవ వంతు తప్పిన 300 మీటర్లు తప్పును. పొడవు, వెడల్పు, ఎత్తు, గడియారపు తప్పు, ఈ నాలుగును తెలియనివి కనుక కనీసము నాలుగు ఉపగ్రహములు కావలెను. అమెరికా వారి జి.పి.ఎస్. వలెనే మన ఇస్రో నావిక్ అను ఏర్పాటు చేసినది. దాని మొదటి ఉపగ్రహమును 2013 జూలై 1న ప్రయోగించిరి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహముల ద్వారా సముద్రపు వెచ్చదనమును, నీటి రంగును పరిశీలించి, చేపలు దొరకు తావులను మత్స్యకారులకు తెలుపుచున్నది. టెలిఫోను సంకేతము అందని దూరమున కూడ తుపాను హెచ్చరికలు చేరుటకు 2019లో జెమిని అను పరికరమును ప్రవేశపెట్టిరి.

ఐనను ఒక సంగతి మరువరాదు. ఈ పరికరములు “నీవు ఇక్కడ ఉన్నావు” అని కొన్ని మీటర్ల తేడాతో చెప్పగలవు. “ఎల్ల ఇక్కడ ఉన్నది” అని చెప్పుట వాని పని కాదు. అది మనుష్యులు కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము.

చేపకు ఎల్ల లేదు

గోదావరికి వరద నీరు వచ్చినప్పుడు సముద్రము నుండి ఎదురీది వచ్చు చేపను మనము పులస అందుము. ఆ జాతి చేపనే బెంగాలీలు ఇలిష్ అందురు. సింధు నదిలో దానినే పల్లా అందురు. మూడు దేశములు తమదని చెప్పుకొను ఈ చేప ఏ దేశపు అనుమతియు అడుగదు. వెంటపడిన మనుష్యునికే ఆ చిక్కు.

చట్టములు ఈ చిక్కును కొంత గుర్తించినవి. సముద్ర ఒడంబడికలోని 73వ అధికరణము, ఆర్థిక మండలములో చేపల చట్టము మీరినవారిని, దేశముల మధ్య వేరు ఒప్పందము లేనిచో, ఖైదు చేయరాదనియు, తగిన పూచీ పుచ్చుకొని పడవను, మనుష్యులను వెంటనే విడువవలెననియు చెప్పుచున్నది. కాని ప్రాదేశిక సముద్రమునకు ఇది వర్తింపదు. గీతయే తేలనిచోట ఏ మండలమున పట్టుబడినది కూడ వాదమే యగును. 2008 మే 21న భారత, పాకిస్తాన్‌లు చేసికొనిన ఒప్పందము ప్రకారము, ప్రతి సంవత్సరము జనవరి 1న, జూలై 1న తమ చెరసాలలలోని రెండవ దేశపు ఖైదీల జాబితాలను పరస్పరము ఇచ్చుకొనవలెను. శిక్ష ముగిసి, జాతీయత రూఢియైన నెల లోపల వారిని విడువవలెనని కూడ అందున్నది. జాబితాలలో మత్స్యకారులను వేరుగా చూపుదురు. తీరపు పల్లెలలోని స్త్రీలకు అది తమవారు బ్రదికియున్నారను వార్త. ఆచరణలో మాత్రము విడుదలకు నెలలు, సంవత్సరములు కూడ పట్టుచున్నవి. పడవలు తరచు అక్కడనే నిలిచిపోవుచున్నవి.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమును నల్లబల్లపై సులభముగా చూపవచ్చును. ఒక తీరరేఖ గీసి, నడుమ ఒక కయ్యను చూపి, దానికి రెండు ప్రక్కల రెండు బిందువులు గుర్తింపవలెను. వాని లంబ సమద్విఖండన రేఖను సముద్రము వైపు పొడిగింపవలెను. పిమ్మట ఒక బిందువును కొద్దిగా జరిపి, మరల గీయవలెను. రెండు రేఖల నడుమ సుద్దతో చిన్న పడవ బొమ్మ వేసి, అది ఏ దేశములో నున్నదో చెప్పుమని విద్యార్థులను అడుగవలెను. వారు జవాబు చెప్పుటకు ఎంత తడబడుదురో, చీకటిలో వల లాగుచున్న జాలరి అంతకంటె ఎక్కువ తడబడును. బల్లపై గీత తప్పినచో తుడిచి మరల గీయవచ్చును. అతని పదమూడు నెలలను మాత్రము ఎవరును తుడువలేరు.