తోక తిప్పే కారు

మీరు పల్నాటిలో ఎడ్ల పందెం చూశారా? నరసరావుపేట, గురజాల, మాచర్ల చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతికీ, తిరునాళ్ళకూ ఒంగోలు జాతి ఎడ్ల చేత బండ లాగిస్తారు. రెండు పళ్ళ ఎడ్లకు ఒక పందెం, నాలుగు పళ్ళ వాటికి ఒకటి, ఆరు పళ్ళ వాటికి మరొకటి. నియమించిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతదే గెలుపు.

అందరూ ఎడ్లనే చూస్తారు. ఈసారి మీరు బండను చూడండి. ఎడ్లు మెడలు వంచి, గిట్టలు నేలకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా ఉపయోగిస్తాయి. బండ కదలదు. తోలేవాళ్ళు కేకలు పెడతారు. ఇంకాస్త బలం పడేసరికి బండ ఒక్క కుదుపుతో కదులుతుంది. అలా కదిలిన బండను ముందుకు లాక్కుపోవటానికి మొదట పట్టినంత బలం అక్కరలేదు. అందుకే పందెంలో ఆరితేరినవాళ్ళు బండను మధ్యలో ఆగనివ్వరు. ఆగితే మళ్ళీ మొదటికి వస్తుంది.

కారణమేమిటి? బండ అడుగు, నేల రెండూ గరుకైనవే. బండ నిలిచి ఉన్నంతసేపూ ఆ రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. బండ జారటం మొదలుపెట్టాక ఆ పట్టు కొంత సడలుతుంది. ఈ పట్టునే ఘర్షణ అంటారు. నిలిచి ఉన్న వస్తువుకు ఘర్షణ ఎక్కువ, జారే వస్తువుకు తక్కువ. ఈ చిన్న సంగతి మీదనే మోటారు పందాలలో ఒక గొప్ప విద్య ఆధారపడి ఉన్నది.

రాలీ పందెంలో కార్లు మట్టిదారుల మీద, కంకర మీద, మంచు మీద కూడా పరుగెత్తుతాయి. దారి ఒక్కొక్కచోట వెనక్కు మళ్ళినట్టుగా వంపు తిరిగి ఉంటుంది. అక్కడికి రాగానే నడిపేవాడు స్టీరింగు తిప్పి, పక్కనున్న చేతిబ్రేకును ఒక్క క్షణం లాగి వదులుతాడు. కారు తోక గిర్రున పక్కకు తిరుగుతుంది. కన్ను మూసి తెరిచేలోగా ముక్కు కొత్త దారివైపుకు తిరిగి ఉంటుంది. కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోతుంది.

ఇది ఎలా సాధ్యం? దొర్లుతున్న చక్రాన్ని గమనించండి. చక్రం తిరుగుతున్నా, దానిలో నేలను తాకే భాగం ఆ క్షణాన జారదు. మనం నడిచేటప్పుడు అడుగు వేసిన పాదం నేలమీద నిలిచినట్టే అదీ నిలుస్తుంది. కనుక దొర్లే చక్రానికి పట్టు ఎక్కువ. అది తన దారిన ముందుకు పోతుందే గాని, పక్కకు తోస్తే సులభంగా జరగదు.

చేతిబ్రేకు వెనక చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది. గట్టిగా లాగితే అవి తిరగటం మానేస్తాయి, కాని కారు వేగంగా పోతూనే ఉంటుంది. అప్పుడు వెనక చక్రాలు చక్రాలు కావు, పందెంలో లాగే బండలే! బండకు ముందూ, పక్కా తేడా లేదు. ఎటు తోస్తే అటు జారుతుంది. ముందు చక్రాలు మాత్రం దొర్లుతూ, వంపు లోపలికి కారును లాగుతూ ఉంటాయి. ముందు భాగం వంపు తిరుగుతుంటే, పట్టులేని వెనక భాగం బయటికి జారిపోతుంది. తోక తిరగటమంటే ఇదే.

తిరునాళ్ళకు మీకు పది రూపాయలు ఇచ్చారనుకోండి. పదీ రంగులరాట్నానికే ఖర్చు పెడితే జీళ్ళు కొనుక్కోవటానికి ఏం మిగులుతుంది? చక్రానికి ఉన్న పట్టు కూడా అంతే. అదంతా కారును ఆపటానికే ఖర్చయిపోతే, పక్కకు జారకుండా కాపాడటానికి ఏమీ మిగలదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని కార్లలో ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పుతుంది. ముందు చక్రాలకూ, వెనక చక్రాలకూ మధ్య ఒక పొడుగాటి ఇనుప కడ్డీ ఉంటుంది. ఈ రెంటినీ విడదీయటానికి వీలు లేకుండా బిగించేశారనుకోండి. అప్పుడవి ఒకే కాడికి కట్టిన రెండెడ్ల వంటివి. ఒక ఎద్దు మొండికేసి నిలబడిపోతే రెండోది మాత్రం ఎలా నడుస్తుంది? వెనక చక్రాలను చేతిబ్రేకు పట్టుకుంటే ముందు చక్రాలూ ఆగబోతాయి. ముందు చక్రాలు కూడా జారితే స్టీరింగు తిప్పినా కారు తిరగదు. పైగా మధ్యనున్న యంత్రభాగాల మీద విపరీతమైన భారం పడుతుంది.

దీనికి ఇంజనీర్లు ఉపాయం కనిపెట్టారు. చేతిబ్రేకు లాగగానే మధ్యనున్న బంధం దానంతటదే వదులయ్యేటట్టు చేశారు. లాగినంతసేపూ కాడి విప్పినట్టే, వదలగానే మళ్ళీ కట్టినట్టే! 2001లో వచ్చిన మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ ఏడవ రకం కారులో ఈ ఏర్పాటు ఉంది. 2020లో వచ్చిన టొయోటా జీఆర్ యారిస్ కారులోనూ చేతిబ్రేకు లాగితే వెనక చక్రాలకు ఇంజను బలం అందటం ఆగిపోతుంది. బ్రేకు వదలగానే నాలుగు చక్రాలూ కలిసి కారును మలుపులోనుంచి బయటకు లాగుతాయి.

నాలుగు చక్రాలనూ తిప్పే కార్లకు రాలీలలో పేరు తెచ్చినది జర్మనీ దేశపు ఆడి క్వాట్రో. దానిని 1980లో జెనీవా ప్రదర్శనలో మొదటిసారి చూపారు. మరుసటి ఏడే, 1981లో, ఇటలీలోని శాన్ రెమో రాలీలో ఫ్రాన్సు దేశపు మిషెల్ మూటన్ అనే ఆమె ఆ కారు నడిపి గెలిచింది. ప్రపంచ రాలీ పోటీలలో ఒక పందెం గెలిచిన మొదటి స్త్రీ ఆమే. 1982లో మరి మూడు రాలీలు గెలిచింది.

ఇదంతా నిజమో కాదో మీరే పరీక్షించవచ్చు. చక్రాలు సులువుగా తిరిగే ఒక బొమ్మకారు, ఒక నున్నని పలక తెచ్చుకోండి. పలకను ఒకవైపు బాగా ఎత్తిపెట్టండి. కాగితం మడిచి ముందు చక్రాల సందుల్లో దూర్చి, అవి తిరగకుండా చెయ్యండి. కారును పైనుంచి వదలండి. అది తిన్నగా కిందికి జారుతుంది. ఇప్పుడు కాగితం తీసి వెనక చక్రాలకు పెట్టి, మళ్ళీ వదలండి. తమాషా చూడండి! కారు దారిలోనే గిరుక్కున తిరిగి, తోక ముందు పెట్టుకుని కిందికి వస్తుంది. కారు జారకుండా నిలబడిపోతే పలకను ఇంకాస్త ఎత్తండి.

బొమ్మకారు తిరిగితే నవ్వుకుంటాం. నిజం కారు తిరిగితే నవ్వు రాదు. రాలీలో దారి మూసి ఉంటుంది, ఎదురు బండి రాదు. నడిపేవాడు తలకు శిరస్త్రాణం పెట్టుకుంటాడు, నడుముకూ భుజాలకూ పట్టీలు బిగించుకుంటాడు, ఏళ్ళ తరబడి సాధన చేస్తాడు. అయినా కార్లు బోల్తా పడుతూనే ఉంటాయి. మాచర్ల రోడ్డు మీద అలా కాదు. ఎదురుగా మిరపబస్తాల లారీ రావచ్చు, పక్కన గొర్రెలమంద ఉండవచ్చు, బడినుంచి వచ్చే మీబోటి పిల్లలు ఉండవచ్చు. ఒకసారి జారిన తోక ఎక్కడ ఆగుతుందో కొత్తవాడు చెప్పలేడు. పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళు కారు నడపటమే మన దేశంలో నేరం. నిండినవాళ్ళయినా రోడ్డు మీద ఇలాంటి విన్యాసాలు చెయ్యటానికి చట్టం ఒప్పుకోదు. మీ అన్నయ్యో, బాబాయో సరదా పడితే, ఈ బొమ్మకారు పరీక్ష చేసి చూపండి. మాటలకంటే అది బాగా చెబుతుంది.

చేతిబ్రేకు అసలు పుట్టింది జారటానికి కాదు, జారకుండా ఉండటానికి. నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు వెళ్ళినప్పుడు ఘాటురోడ్డు పక్కన ఆపి ఉన్న కార్లను చూడండి. అంత ఏటవాలులోనూ అవి నిశ్చింతగా నిలిచి ఉంటాయి. చేతిబ్రేకు చక్రాలను పట్టుకుంది, రోడ్డు వాటిని నిశ్చలమైన బండలను పట్టినట్టు పట్టుకుంది. జాగ్రత్తపరులైన డ్రైవర్లు చక్రం కింద ఒక రాయి కూడా పెడతారు. తిరిగి బయలుదేరేముందు ఆ రాయిని దారిలో వదిలెయ్యకుండా పక్కన పడేసే పని మాత్రం మీరు చెయ్యండి.