షాంపూ బాకీ, పాల కవరు చెల్లింపు

పాత సామాన్ల కొట్టువాడు కడిగి ఆరబెట్టిన పాల కవర్లను కిలో లెక్కన తీసుకుంటాడు. నీళ్ల సీసాలూ తీసుకుంటాడు. షాంపూ ప్యాకెట్లు తెస్తే మాత్రం తల అడ్డంగా ఊపుతాడు. అతనికి పదార్థశాస్త్రం బాగానే తెలుసు.

పాల కవరంతా పాలిథిన్. 110–130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి మళ్లీ గుళికలవుతుంది. షాంపూ ప్యాకెట్టు చూపుకి ఒకే పొర. నిజానికి రంగులు అచ్చు వెయ్యడానికి పైన పాలియెస్టర్, అంచులు అతకడానికి లోపల పాలిథిన్, కొన్నిట్లో నడుమ అల్యూమినియం. పాలియెస్టర్ కరగాలంటే 250 డిగ్రీలు కావాలి. పోనీ రెండూ కరిగించినా నూనె, నీళ్లలాగే కలవనంటాయి. విడదీద్దామంటే అంత ఖర్చుకు తగ్గ సరుకు చేతికి రాదు. చివరికి ఆ ప్యాకెట్టు సిమెంటు బట్టీలో ఇంధనమవుతుంది, లేదా మురుగుకాలవకు అడ్డం పడుతుంది.

ఈ పొరల కూర్పు తేల్చేది కంపెనీ. ఎత్తిపోసే ఖర్చు మునిసిపాలిటీది, అంటే పన్ను కట్టే మనది. సరుకు ఆయువు తీరాక దాని భారం కూడా తయారుచేసినవాడే మొయ్యాలని 1990లో స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ ప్రతిపాదించాడు. మరుసటి ఏడాదే జర్మనీ దాన్ని ప్యాకింగు విషయంలో చట్టం చేసింది. ఫ్రాన్స్‌లో రీసైకిల్‌కు లొంగని ప్యాకింగుకు కంపెనీలు కట్టే రుసుం ఎక్కువ.

మన దగ్గర 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లోనే ఈ బాధ్యత ఉంది. లెక్కలు, గడువులు వచ్చింది 2022 ఫిబ్రవరిలో. ఎన్ని టన్నుల ప్లాస్టిక్ మార్కెట్లోకి వదిలారో కంపెనీలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో చెప్పాలి. అందుకు తగ్గట్టు ప్లాస్టిక్ రీసైకిల్ చేసినట్టు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలి. కాగితం ఉన్నచోట దొంగ కాగితమూ ఉంటుంది కదా! 2023లో మండలి తనిఖీ చేస్తే కొన్ని రీసైక్లింగ్ సంస్థలు ఇచ్చిన లక్షల సర్టిఫికెట్లు నకిలీవని తేలింది.

నకిలీలను పట్టుకోవచ్చు. నాకు అంతకంటే పెద్ద లొసుగుగా కనబడేది నిబంధనల్లోనే ఉంది. ప్యాకింగును తరగతులుగా విడదీశారు. పాల కవరు రెండో తరగతి. అన్ని పొరలూ ప్లాస్టిక్కే అయిన షాంపూ ప్యాకెట్టూ అదే తరగతి. సర్టిఫికెట్టు చూసేది తరగతిని, టన్నుల్ని. ఏ కవరు కరిగిందన్నది అడగదు. కాబట్టి మీరు కడిగి అమ్మిన పాల కవరు పేరు చెప్పి షాంపూ కంపెనీ తన బాకీ తీర్చుకోవచ్చు. ఇంక ప్యాకెట్టు కూర్పు మార్చే అవసరం దానికేముంది?

ఈ తరగతిలో రీసైక్లింగ్ వాటా 2024–25లో కనీసం 30 శాతం. 2027–28 నుంచి 60. ఆ 60 వచ్చేలోపు పాల కవరును, పొరల ప్యాకెట్టును వేరు ఖాతాల్లో రాయాలి. కొట్టువాడి తూకం దగ్గర అవి ఎప్పుడో వేరయ్యాయి.